మగ్గపు అట్ట, రైలు టికెట్టు, కంప్యూటరు

(మన సంఘం ఉగాది సభలో చేసిన ఉపన్యాసం)



ఉగాది సభ అంటే పంచాంగ శ్రవణం, దాని వెనుక కవిత్వం, దాని వెనుక పులిహోర అని మనకు అలవాటు. ఈ మూటి నడుమ కంప్యూటరు పరిశ్రమను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. నేను పదో తరగతి పాసై రైల్వేలో చేరినవాణ్ణి. టికెట్ కిటికీ వెనుక కూర్చునే గుమాస్తాను. మన పేటల్లో పూనాలోనూ, హైదరాబాదులోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే కుర్రవాళ్లు ఇంటికొకరు ఉన్నారు గదా, వారిలో ఒకరిని పిలవరాదా అన్నాను. "అందరినీ పిలిచాం, అందరూ వస్తామన్నారు, ఎవరికీ సెలవు దొరకలేదు" అని సమాధానం వచ్చింది. సెలవు దొరికినవాడికి మాట్లాడే అవకాశం దొరికింది. అంతకు మించి నా యోగ్యత ఏమీ లేదు.

ఆ పిల్లలు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు "ఏం పని చేస్తావురా?" అని తాత అడుగుతాడు. పిల్లవాడు ఒక నిమిషం ఆలోచించి "నీకు అర్థం కాదులే తాతా" అంటాడు. తాత ఊరుకుంటాడు. తనకు తెలిసిన మగ్గం చిన్నదనీ, మనుమడికి తెలిసిన విద్య పెద్దదనీ ఇద్దరూ అనుకుంటారు. ఈ రోజు నేను చెప్పదలచినది ఒక్కటే: ఆ ఇద్దరూ అనుకున్నది సరికాదు. మనుమడు చేసే పని తాతకు అర్థమయ్యేదే. పైగా ఆ పనిలో మనుమడికి ఇంకా తెలియనిది తాతకు కొంత తెలుసు.

మన షోలాపూరు చద్దరు సంగతి చూడండి. దాని మీద నెమలి ఉంటుంది. ఆ నెమలిని మగ్గానికి ఎవరు నేర్పారు? పైన వేలాడే జాకార్డు అట్టలు నేర్పాయి. 1804 లో ఫ్రాన్సు దేశంలోని లియాన్ పట్టణంలో జోసెఫ్ మరీ జాకార్డు అనే ఆయన ఈ సాధనాన్ని కుదిర్చాడు. అంతకు ముందు బుటా నేయాలంటే నేసేవాడు గాక మరొక కుర్రవాడు కూర్చుని, ఏ పోగులు లేవాలో ఆ పోగులను చేతితో లాగుతూ ఉండాలి. జాకార్డు ఆ కుర్రవాడి పనిని అట్టకు అప్పగించాడు. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, కొక్కెం పైకి పోతుంది, పడుగు పోగు లేస్తుంది. చిల్లు లేనిచోట పోగు అణగి ఉంటుంది. ఒక పేక పోగుకు ఒక అట్ట. అట్టలన్నీ త్రాటితో కుట్టి మాలగా వేస్తే నెమలి అదే దిగివస్తుంది.

ఇక్కడ కూర్చున్న పెద్దలకు ఇది నేను చెప్పాలా? నవ్వుతున్నారు. కాని మనవిచేసేది ఏమంటే, కంప్యూటరు మూలసూత్రం కూడా ఇంతే. చిల్లు ఉన్నదా, లేదా. ఉంటే ఒకటి, లేకుంటే సున్న. 1839 లో లియాన్ నేతగాళ్లు ఆ జాకార్డు బొమ్మనే పట్టుమీద నేశారు. దానికి సుమారు 24,000 అట్టలు పట్టాయి. అది నేత అని చెబితే గాని చూసినవారు నమ్మలేదట. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి అనే గణిత పండితుడు ఆ బొమ్మ ఒకటి సంపాదించి ఇంట్లో పెట్టుకొన్నాడు. ఆయన తలపెట్టిన లెక్కల యంత్రానికి కూడా ఇటువంటి అట్టలనే వాడదలిచాడు. ఆ యంత్రం ఆయన జీవితకాలంలో పూర్తికాలేదు. ఆలోచన మాత్రం నిలిచింది.

ఇంతవరకు మీ తరఫు గొప్ప. ఇక మా రైల్వేవారి గొప్ప కూడా ఒకటి చెప్పుకోనివ్వండి.

అట్ట టికెట్టు మీలో చాలామందికి గుర్తు ఉంటుంది. దానిని 1830లలో ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్సన్ ప్రవేశపెట్టాడు. ఆయన మొదట వడ్రంగి. వ్యాపారం దివాలా తీసి, రైల్వేలో చిన్న ఉద్యోగంలో చేరాడు. ప్రతి ప్రయాణికుడికీ చేతితో కాగితం వ్రాసి ఇవ్వటం కంటే, వరుస నెంబర్లు వేసిన చిన్న అట్టలు ముందే అచ్చువేసి ఉంచితే పని తేలిక అని ఆయనకు తోచింది. ఇది పైఅధికారికి తోచిన ఊహ కాదు, కిటికీ వెనుక చేతులు నొప్పి పెట్టినవాడికి తోచినది.

తరువాత అమెరికాలో ఏమైందంటే, 1880 జనాభా లెక్కలు తేలటానికి ఏడెనిమిది ఏండ్లు పట్టింది. పదేండ్లకొకసారి తీసే లెక్క ఎనిమిదేండ్లకు తేలితే, జనం పెరిగేకొద్దీ కొత్త లెక్క మొదలయ్యేనాటికి పాత లెక్క ముగియకపోవచ్చు! హెర్మన్ హోలెరిత్ అనే యువకుడు ఉపాయం వెతుకుతున్నాడు. ఆ రోజుల్లో అక్కడి రైళ్లలో, ఒకరి టికెట్టు మీద మరొకరు పోకుండా, కండక్టరు ప్రయాణికుడి పోలికలను టికెట్టు మీద చిల్లులుగా పొడిచేవాడు. జుట్టు నలుపా, కళ్లు నీలమా, ముక్కు పెద్దదా అని. అది చూసిన సంగతి హోలెరితే తరువాత చెప్పుకొన్నాడు. మనిషికొక అట్ట, వివరానికొక చిల్లు చొప్పున పొడిచి, విద్యుత్తుతో లెక్కపెట్టే యంత్రాన్ని తయారుచేశాడు. 1890 లెక్కలు దానితోనే చేశారు. ఆయన పెట్టిన కంపెనీ మరికొన్నిటితో కలిసి, 1924 లో ఐబీఎం అనే పేరు పెట్టుకొన్నది.

కనుక కంప్యూటరుకు ఒకవైపు తాత మగ్గపు అట్ట, మరొకవైపు తాత రైలు టికెట్టు. పడుగూ పేకా, పట్టాలూ సిగ్నళ్లూ తప్ప మరొకటి తెలియని మన పేటలకు ఇంతకంటే దగ్గర చుట్టరికం ఏం కావాలి?

ఈ చుట్టరికం తెలిసిన తరువాత ఆ పరిశ్రమలోని పెద్ద పెద్ద పేర్లకు భయపడనక్కరలేదు. డెవలపరు అంటే అట్టలు కొట్టేవాడు. టెస్టరు అంటే చద్దరు మడతపెట్టే ముందు వెలుతురుకు పట్టి చూసేవాడు. కన్సల్టెంటు అంటే పక్క కారఖానా నుంచి వచ్చి, మీ పోగులు ఎందుకు తెగుతున్నాయో మీకు వివరించి, పోగులు తెగుతూ ఉండగానే సెలవు పుచ్చుకొనే పెద్దమనిషి. మా కిటికీ దగ్గర "సర్వరు పనిచేయటం లేదు" అంటే, "ఇంకొక సర్వరును పెట్టుకోరాదా, హోటలు వాళ్లు పెట్టుకోవటం లేదా?" అని ఒక తాత అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. వివరాలన్నీ క్లౌడులో, అంటే మబ్బులో దాచాం అంటారు. షోలాపూరు వాళ్లకు మబ్బుమీద నమ్మకం తక్కువ అన్న సంగతి వారికి తెలియదు కాబోలు.

హాస్యానికి అన్నాను గాని, అసలు విషయం ఇక్కడ ఉన్నది. అట్టలో ఒక చిల్లు తప్పుగా పడితే ఏమవుతుంది? నెమలి ముక్కు విరుగుతుంది. ఒక్క చద్దరులో కాదు, ఆ అట్టలతో నేసిన ప్రతి చద్దరులోనూ అదే ముక్కు విరుగుతుంది. మగ్గానికి ఇది నెమలి అని తెలియదు. ముక్కు విరిగిందని తెలియదు. చెప్పినది చేస్తుంది. కంప్యూటరూ అంతే.

మన తెలుగువారి అనుభవంలోనివే మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది సంవత్సరం సంగతి. పూర్వపు కంప్యూటర్లలో చోటు చాలా ఖరీదు. అందుచేత 1965 అని వ్రాయక 65 అని పొదుపుగా వ్రాశారు. 1999 ముగిసి 00 వస్తే, యంత్రం దానిని 1900 అనుకొంటుందని ప్రపంచమంతా హడలిపోయింది. ఆ రెండు అంకెలను నాలుగు చేయటానికి మన తెలుగు పిల్లలు చాలామంది అమెరికాకు విమానమెక్కారు. ఈ పొదుపు మనకు కొత్త కాదు సుమండీ! మా తాతగారు పుట్టినది ప్రభవ, నేను పుట్టినదీ ప్రభవే. ఆయనది 1927, నాది 1987. పేరు మాత్రం చూస్తే మేమిద్దరం కవలలం. కంప్యూటరుకు నూరేండ్లకు వచ్చిన చిక్కు మన పంచాంగానికి అరవై ఏండ్లకే వస్తుంది. అయినా మన ఇళ్లలో ఎవరూ హడలిపోరు. ఎందుకంటే ఎవరు తాతో ఎవరు మనుమడో చూసి తెలుసుకొనే మనిషి పక్కన ఉన్నాడు. యంత్రానికి ఆ మనిషి లేడు.

రెండోది పేరు సంగతి. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. ఇక్కడి ఫారాల్లో ఇంటిపేరు, అసలు పేరు, తండ్రి పేరు అని మూడు గళ్లు ఉంటాయి. ఇంకొక ఫారంలో అసలు పేరు ముందు, ఇంటిపేరు చివర. మన వెంకటేశం మరాఠీ బడిలో వ్యంకటేశ అవుతాడు. ఇంగ్లీషులో ఒకచోట ఒక రకంగా, మరొకచోట మరొక రకంగా అవుతాడు. రేషను కార్డులో ఒకడు, బ్యాంకు పుస్తకంలో ఒకడు, ఆధారులో మరొకడు. వీరు ముగ్గురూ ఒక్కడేనని పేటకంతకూ తెలుసు, యంత్రానికి తెలియదు. దీనివల్ల పింఛను ఆగినవారు, చదువు ఫీజు రాయితీ పోయినవారు మన మధ్యనే ఉన్నారు. తెలుగువాడి ఇంటిపేరు ఎక్కడ ఉంటుందో ఆ గళ్లు గీసినవాడికి ఎవరూ చెప్పలేదు.

మూడోది అక్షరం సంగతి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఆపిల్ కంపెనీవారి ఐఫోన్లను పడగొట్టింది. ఆ అక్షరం ఏది? "జ్ఞా". జ, దాని కింద ఞ, ఒక దీర్ఘం, నడుమ కంటికి కనిపించని ఒక గుర్తు, ఇవన్నీ ఒక్కచోట పడితే ఏం చేయాలో ఫోనుకు తోచక, సందేశం తెరిచే పనే మూతపడింది. జ్ఞానం భారమని పెద్దలన్నది నిజమేనని అప్పుడు రుజువైంది. కంపెనీవారు కొద్దిరోజుల్లోనే సరిచేశారు. తప్పు అక్షరానిది కాదు. దానికి తగిన చిల్లు అట్టలో పడలేదు, అంతే. తెలుగు చదవగలిగే మనిషి అటువంటి గదుల్లో ఉండటం ఎంత అవసరమో ఆ ఒక్క అక్షరం చెప్పింది. ఇక్కడ మరాఠీలో, ఇంగ్లీషులో చదువుకొనే మన పిల్లలకు ఇంట్లో ఓనమాలు దిద్దించటం దండుగ అనేవారు ఈ సంగతి గమనించవలెనని నా మనవి.

ఇక మా కిటికీ సంగతి. పూర్వం రిజర్వేషనుకు బండికొక పుస్తకం, తేదీకొక పుట ఉండేది. ఏ బండికి ఏ కిటికీయో అక్కడే నిలబడాలి. తిరుగు ప్రయాణానికి ఆ ఊరికి తంతి కొట్టి జవాబు కోసం కాచుకోవాలి. 1985 లో ఢిల్లీలో మొదటిసారి కంప్యూటరు రిజర్వేషను ప్రారంభమైంది. 1986 లో కంప్యూటరు పనుల కోసం రైల్వేవారు క్రిస్ అనే సంస్థను పెట్టారు. ఆ సంస్థవారి కాన్సర్ట్ అనే ఏర్పాటు 1994 లో మన సికిందరాబాదులోనే మొదట నడిచింది. 1999 నాటికి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికిందరాబాదు కేంద్రాలు ఒకదానితో ఒకటి కలిశాయి. ఏ ఊరి కిటికీ నుంచైనా ఏ ఊరి బండికైనా టికెట్టు దొరికింది. 2002 లో ఇంటర్నెట్టు మీద టికెట్లు వచ్చాయి. మొదట్లో ఇంట్లో కొన్న టికెట్టును కొరియరువాడు తెచ్చి ఇచ్చేవాడు. ఈ రోజు టికెట్టు ఫోనులోనే ఉంటుంది.

దీనివల్ల మేలు జరగలేదని అనటం అన్యాయం. రాత్రంతా వరుసలో పడుకొన్న రోజులు పోయాయి. కాని కిటికీలు తగ్గాయి, వాటి వెనుక కుర్చీలూ తగ్గాయి. ఇది కూడా నిజమే. మరమగ్గం వచ్చినప్పుడు చేమగ్గం ఇళ్లలో ఏం జరిగిందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇప్పుడు ఆ భయం సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్లకే పట్టుకొన్నది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన నాటి నుంచి, నోటితో చెబితే ప్రోగ్రాము వ్రాసే యంత్రాలు ఒకటి తరువాత ఒకటి వస్తున్నాయి. అనగా, అట్టలు కొట్టేవాడికి కూడా ఒక అట్ట వచ్చిందన్నమాట.

వారికి ఒక గుమాస్తాగా నేను చెప్పగలిగిన ధైర్యం ఇది. ఇంత జరిగినా నా కిటికీ ముందుకు మనుషులు వస్తూనే ఉన్నారు. ఎవరు వస్తున్నారు? యంత్రానికి తన పని చెప్పుకోలేనివారు వస్తున్నారు. ఒక అవ్వ వచ్చి "బిడ్డా, సద్దుల బతుకమ్మకు రెండొద్దుల ముందు ఊరు చేరాలె" అంటుంది. యంత్రానికి తేదీ కావాలి. అవ్వ దగ్గర ఉన్నది తిథి. గోడమీది క్యాలెండరు చూసి తిథిని తేదీ చేసేవాడు నడుమ ఉండాలి. అవ్వ ఏ స్టేషనులో దిగితే బస్సు అందుతుందో అతడికి తెలిసి ఉండాలి. యంత్రం ఎంత ముదిరినా, మనిషి చెప్పదలచుకొన్నదేమిటో ఓపికగా విని గ్రహించే పని మిగిలే ఉంటుంది. పూనాలో కూర్చున్న కుర్రవాడికైనా, నాకైనా చివరకు అన్నం పెట్టేది ఆ పనే.

చిల్లు తప్పితే ప్రతి చద్దరులోనూ నెమలి ముక్కు విరుగుతుందన్నాను. చిల్లు ఒప్పుగా పడితే ఏమవుతుందో కూడా చెప్పాలి గదా. స్లీపరు తరగతిలో, ఏసీ తరగతుల్లో, 60 ఏండ్లు నిండిన పురుషులకూ, 45 ఏండ్లు నిండిన స్త్రీలకూ కింది బెర్తు కోటా ఉన్నది. టికెట్టు తీసుకొనేటప్పుడు ఎవరూ బతిమాలనక్కరలేదు. వయసు సరిగా వ్రాస్తే, కింది బెర్తు ఖాళీ ఉన్నంతవరకు యంత్రమే ఇస్తుంది. మోకాళ్ల నొప్పి అంటే ఏమిటో యంత్రానికి తెలియదు. తెలిసిన మనిషి ఎవరో ఒకనాడు ఒక చిల్లు పొడిచాడు. నాటి నుంచి ప్రతి రాత్రీ, ప్రతి బండిలోనూ, తానెన్నడూ చూడని అవ్వలకు ఆయన కింది బెర్తు ఇస్తూనే ఉన్నాడు. గుమాస్తా దయ ఒక్క కిటికీ దగ్గర ఆగిపోతుంది. అట్టలో పొడిచిన దయ దేశమంతా తిరుగుతుంది. ఆ పరిశ్రమలో ఇంతకు మించిన గొప్ప ఉన్నదని నేను అనుకోను.

అయితే ఒక మెలిక కూడా వినండి. ఆ కోటా ఒంటరిగా గాని, అటువంటివారు ఇద్దరు గాని ఒక టికెట్టు మీద పోయేటప్పుడే వర్తిస్తుంది. నలుగురు పిల్లలతో కలిపి ఒకే టికెట్టు మీద అవ్వ పేరు వ్రాస్తే ఆ కోటా రాదు. కనుక తాతకూ అవ్వకూ వేరే టికెట్టు తీయండి. మరొక మాట: రిజర్వేషను గడువు 120 రోజులు ఉండేది, 2024 నవంబరు 1 నుంచి 60 రోజులయింది. పండుగ ప్రయాణాలు దానిని బట్టి లెక్కవేసుకోండి. ఉపన్యాసం మరచిపోయినా ఈ రెండూ మరచిపోకండి.

చివరగా మూడు విన్నపాలు.

సాఫ్ట్‌వేర్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ: మీరు ఏ ప్రోగ్రాము వ్రాసినా, దానిని వాడబోయేవారి వరుసలో ఒక గంట నిలబడి ఆ తరువాత వ్రాయండి. తాత అడిగితే "నీకు అర్థం కాదు" అనకండి. "అట్టలు కొడుతున్నాను తాతా" అనండి. అప్పుడు ఆయన అడిగే రెండో ప్రశ్న మీ మేనేజరు అడిగే దానికంటే పదునుగా ఉంటుంది.

కాలేజీ పిల్లలకు: ఇంట్లో ఒక పెద్దవారికి ఫోను వాడటం నేర్పండి. చేతిలో నుంచి లాక్కొని మీరే చేసిపెట్టటం నేర్పటం కాదు. ఫోనుకు వచ్చే ఓటీపీ బీరువా తాళంచెవి వంటిదని, బ్యాంకు పేరు చెప్పి ఎవరడిగినా చెప్పరాదని ముందుగా నేర్పండి.

తల్లిదండ్రులకు: పిల్లవాడిని బడిలో వేసేనాడే ఇంటిపేరు, అసలు పేరు అన్ని కాగితాల్లో ఒకే వరుసలో, ఒకే అక్షరాల్లో వ్రాయించండి. ఆ పేరును తెలుగులో వ్రాయటం కూడా వాడికి నేర్పండి. ఇంటిపేరంటే మన ముత్తాతలు మగ్గంతో పాటు మోసుకొని వచ్చిన ఆస్తి. ఫారంలో గడి చాలలేదని దానిని కత్తిరించుకోనక్కరలేదు.

కొత్త సంవత్సరంలో మీ మగ్గాల మీద పోగు తెగకుండా ఉండాలి. మా కిటికీలో లింకు తెగకుండా ఉండాలి. దూరాన ఉన్న మన పిల్లలకు పండుగ సెలవు దొరకాలి. వారు వచ్చే బండిలో బెర్తు దొరకాలి. ఈ నాలుగూ కోరుకొంటున్నాను.